రాజ్మా చారు – కుండలోని రసాయనశాస్త్రం

తెలుగువారి భోజనంలో చారుకు ఉన్న స్థానాన్ని వేరుగా వివరించనక్కరలేదు. జ్వరపడి లేచినవారికి పథ్యంగా, ప్రయాణపు బడలికతో ఇల్లు చేరినవారికి సేదతీర్చే ఆహారంగా, పళ్ళు రాని పసివానికీ పళ్ళు ఊడిన తాతగారికీ సమానంగా ఒప్పే వంటకంగా పప్పుచారు మన ఇళ్ళలో తరతరాలుగా నిలిచి ఉన్నది. దేశం మారినంత మాత్రాన ఈ అవసరం తీరిపోదు సరికదా, ఉత్తర అమెరికా చలికాలపు సాయంకాలాలలో అది ఇనుమడిస్తుంది. నాలుగున్నరకే చీకటి పడే డిసెంబరు నెలలో, ఉద్యోగాల నుండి, పాఠశాలల నుండి వణుకుతూ వచ్చిన ఇంటిల్లిపాదినీ ఒక చోట కూర్చోబెట్టడానికి పొగలు కక్కే గిన్నెను మించిన సాధనం లేదు.

ఇక్కడి అంగళ్ళలో కందిపప్పుతో పాటు మరొక గింజల కుటుంబం మనకు ఎదురవుతుంది. మూత్రపిండం ఆకారంలో ఉండే ఎర్ర రాజ్మా, చిన్న తెల్లని నేవీ బీన్స్, మచ్చల పింటో, నిగనిగలాడే నల్ల బీన్స్ – ఇవన్నీ చవక, నిలవకు మంచివి, పోషక విలువలో మేలైనవి. వీటితో చేసే చారు ఈ దేశపు వారికి కూడా ప్రీతిపాత్రమైనదే. వాషింగ్టన్ నగరంలో అమెరికా సెనేట్ భోజనశాలలో తెల్ల బీన్స్ చారు ప్రతిదినమూ వడ్డించే ఆచారం ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళ నుండి వస్తున్నది. ఆ ఆచారాన్ని ప్రారంభించినది ఐడహో సెనేటర్ ఫ్రెడ్ డుబోయిస్ అని కొందరు, మిన్నెసోటా సెనేటర్ నూట్ నెల్సన్ అని కొందరు చెబుతారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943 సెప్టెంబరులో, రేషన్ కారణంగా గింజలు చాలక ఒక్కరోజు ఆ చారు లేకపోవడం కూడా అక్కడ చరిత్రలోకి ఎక్కింది. ఆ చారులో పంది మాంసం వేస్తారు కాబట్టి మనలో శాకాహారులు దాని జోలికి పోరు. మాంసం లేకుండా, మన పోపుతో, అంతకంటె రుచిగా ఇంట్లోనే చేసుకోవచ్చును.

ఐతే ఒక విషయం ముందుగా గ్రహించాలి. ఈ గింజలు కందిపప్పుకు చుట్టాలే కాని కందిపప్పు కావు. కందిపప్పును ఉడికించే అలవాటుతోనే వీటినీ ఉడికించబోతే రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, గంటలకొద్దీ పొయ్యి మీద ఉన్నా గింజ మెత్తబడకపోవడం. రెండవది, మరింత ముఖ్యమైనది, పైకి ఉడికినట్లే కనిపించే గింజలు తిని ఇంటిల్లిపాదీ వాంతులతో బాధపడడం. ఈ రెంటికీ కారణాలు శాస్త్రం విప్పి చెప్పింది. ఆ కారణాలను, వాటిని అనుసరించి చారు కాచుకొనే పద్ధతిని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

గింజ పుట్టుపూర్వోత్తరాలు

రాజ్మా, పింటో, నేవీ, నల్ల బీన్స్ – రంగులు, పరిమాణాలు వేరైనా ఇవన్నీ ఒకే జాతి. వృక్షశాస్త్రంలో దాని పేరు ఫేజియోలస్ వల్గారిస్. మన కూరగాయల అంగడిలో 'బీన్స్' అని అమ్మే లేత ఆకుపచ్చ కాయలు కూడా ఈ జాతివే. లేతగా ఉన్నప్పుడు కాయను కోస్తే కూర, ముదరనిచ్చి ఎండబెట్టి గింజ ఒలిస్తే రాజ్మా. ఈ మొక్క జన్మస్థానం అమెరికా ఖండాలు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతంలో ఒకసారి, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో మరొకసారి, మానవులు దీనిని విడివిడిగా సాగులోకి తెచ్చుకున్నారని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. 1492లో కొలంబస్ యాత్ర తరువాతనే ఇది ఐరోపాకు, అక్కడి నుండి ఆసియాకు చేరింది. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప మనకు చేరిన దారి కూడా ఇదే.

మన ప్రాచీన ధాన్యాల కథ వేరు. కంది భారతదేశంలోనే సాగులోకి వచ్చినది. ఉలవలు కూడా మన నేలవే. బొబ్బర్లు, కొన్ని ప్రాంతాల వారు అలసందలు అనేవి, ఆఫ్రికాలో పుట్టి బహు ప్రాచీన కాలంలోనే మనకు చేరాయి. ఈ గింజలను ఎలా నానబెట్టాలి, ఎంతసేపు ఉడికించాలి, పులుపు ఎప్పుడు కలపాలి అన్న అనుభవ జ్ఞానం మన పెద్దలకు తరతరాలుగా ఉన్నది. రాజ్మాతో తెలుగింటికి అంతటి పరిచయం లేదు. కనుక దాని స్వభావాన్ని ప్రత్యేకంగా తెలుసుకోవలసి ఉన్నది.

విత్తనంలో దాగిన విషం

విత్తనం మన కోసం పుట్టినది కాదు. రేపటి మొక్కకు ఆహారాన్ని మూటగట్టి, పురుగుల నుండి, పశువుల నుండి దానిని కాపాడుకోవడం దాని ధర్మం. ఆ కాపుదలకై అనేక గింజలు లెక్టిన్లు అనే మాంసకృత్తులను దాచుకుంటాయి. రాజ్మాలోని లెక్టిన్ పేరు ఫైటోహీమాగ్లుటినిన్. పేరు నోరు తిరగనిదే కాని అర్థం సులభం: మొక్కలలో ఉండి, ఎర్ర రక్తకణాలను గుమికూర్చేది అని. తిన్నప్పుడు అది పేగుల లోపలి పొరను అంటుకొని అక్కడ బాధ కలిగిస్తుంది.

దీని బలాన్ని రక్తకణాలను గుమికూర్చే శక్తిని బట్టి కొలుస్తారు. అమెరికా ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ ప్రచురించిన లెక్కల ప్రకారం పచ్చి ఎర్ర రాజ్మాలో ఈ కొలత 20,000 నుండి 70,000 యూనిట్ల వరకు ఉంటుంది. పూర్తిగా ఉడికిన తరువాత అది 200 నుండి 400కు పడిపోతుంది. తెల్ల రాజ్మాలో ఎర్రదానిలో ఉన్నదానికి మూడవ వంతు మాత్రమే ఉంటుంది. ఎర్రవి నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు, ఒకటి నుండి మూడు గంటలలోపు విపరీతమైన వికారం, వాంతులు, ఆ తరువాత విరేచనాలు కలుగుతాయి. సాధారణంగా మూడు నాలుగు గంటలలో మనిషి తేరుకుంటాడు. కాని పసిపిల్లల విషయంలోను, వృద్ధుల విషయంలోను ఆ నీటి నష్టాన్ని తేలికగా తీసుకోరాదు.

ఇది ప్రయోగశాలకు పరిమితమైన భయం కాదు. బ్రిటన్‌లో 1976 నుండి 1979 వరకు ఇటువంటి సంఘటనలు ఏడు నమోదయ్యాయి. మొదటిదానిలో సెలవులకు వెళ్ళిన పాఠశాల బాలురు నానబెట్టిన గింజలను ఉడికించకుండానే తిన్నారు. 2006లో జపానులో ఒక టెలివిజన్ కార్యక్రమం, తెల్ల రాజ్మాను కొద్ది నిమిషాలు వేయించి పొడి చేసి అన్నంపై చల్లుకొని తింటే ఒళ్ళు తగ్గుతుందని చెప్పగా, ఆ మాట విని ప్రయత్నించిన వందలాది మంది అస్వస్థులయ్యారు. రెండు మూడు నిమిషాల వేపుడు వేడి ఆ లెక్టిన్‌కు చాలలేదు.

ఇందులో అన్నింటికంటె విచిత్రమైన సంగతి ఒకటున్నది. ఏ మాత్రం వేడి తగిలినా విషం కొంతైనా తగ్గుతుందని మనం అనుకుంటాము. రాజ్మాలో అలా జరగదు. సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడిలో, అనగా 176 డిగ్రీల ఫారెన్‌హైట్‌లో, అరకొరగా ఉడికిన గింజ, పచ్చి గింజకంటె ఐదు రెట్ల వరకు ఎక్కువ విషపూరితం కావచ్చునని గమనించారు. కనుక సగం ఉడికిన రాజ్మా, పచ్చి రాజ్మా కంటె ప్రమాదకరం.

నెమ్మది కుండ, నిండు ప్రమాదం

ఈ సంగతి మన వంటి ఉద్యోగస్థుల కుటుంబాలకు ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూద్దాము. ఉదయం గింజలు, నీళ్ళు, కూరముక్కలు విద్యుత్తు కుండలో పోసి, మీట నొక్కి ఉద్యోగానికి వెళితే, సాయంకాలానికి వంట సిద్ధంగా ఉంటుంది. 'స్లో కుక్కర్' అనే ఈ పరికరం చరిత్రలో రాజ్మా కుటుంబానికి ప్రత్యేక స్థానమే ఉన్నది. దీనిని రూపొందించిన ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ తన పరికరానికి 1940లో పేటెంటు పొందాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'నాక్సన్ బీనరీ', అంటే గింజలు వండే పాత్ర. లిథువేనియాలో పుట్టిన తన తల్లి చిన్ననాడు చెప్పిన కథ ఆయనకు ప్రేరణ. యూదులకు శనివారం నిప్పు ముట్టించడం నిషిద్ధం గనుక, శుక్రవారం సాయంత్రమే గింజలు, మాంసం, దుంపలతో నింపిన కుండలను ఊరి రొట్టెల బట్టీలో పెట్టి, రాత్రంతా చల్లారుతున్న బట్టీ వేడిలో మగ్గనిచ్చేవారట. రైవల్ అనే సంస్థ ఆ పరికరాన్ని కొని, 1971లో 'క్రాక్‌పాట్' అనే పేరుతో విడుదల చేసిన తరువాత అది దేశమంతటా వ్యాపించింది.

ఆ పాత్ర గుణం నెమ్మదితనం. ఎర్ర రాజ్మా విషయంలో దోషమూ అదే. ఇటువంటి కుండలలో వండిన వంటకాల లోపలి ఉష్ణోగ్రత తరచుగా 75 డిగ్రీల సెంటిగ్రేడ్‌కు మించడం లేదని పరీక్షలలో తేలింది. లెక్టిన్‌ను నశింపజేయడానికి అది చాలదు. ఎనిమిది గంటలు ఉడికింది కదా అని మనం నిశ్చింతగా వడ్డిస్తాము. గింజ వేలితో నొక్కితే నలుగుతుంది కూడా. మెత్తదనం వేరు, నిర్విషత్వం వేరు. మొదటిది కంటికి, వేలికి తెలుస్తుంది, రెండవది తెలియదు.

పరిహారం చాలా సులభం. 100 డిగ్రీల వద్ద, అంటే నీరు కళపెళ తెర్లుతున్నప్పుడు, పది నిమిషాలలో ఈ లెక్టిన్ నశిస్తుంది. గింజ నడిమధ్య వరకు ఆ వేడి చేరిందన్న భరోసా కోసం ముప్పై నిమిషాలు మరిగించమని అమెరికా అధికారులు సలహా ఇస్తారు. నానబెట్టిన నీటిని పారబోసి, కొత్త నీటిలో గింజలను పొయ్యి మీద అరగంట తెర్లించిన తరువాత, కావాలనుకుంటే నెమ్మది కుండలోకి మార్చుకోవచ్చును. ప్రెషర్ కుక్కర్ వాడేవారికి ఈ బెంగ లేదు. అందులో ఉష్ణోగ్రత 121 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. డబ్బాలలో అమ్మే గింజలను కర్మాగారంలోనే అంతటి వేడిలో ఉడికిస్తారు కాబట్టి వాటిని నేరుగా ఏ పాత్రలోనైనా వేసుకోవచ్చును.

నానబెట్టడంలోని రహస్యం

ఇక గింజ మెత్తబడని చిక్కు. కందిపప్పు త్వరగా ఉడకడానికి కారణం, దాని పొట్టు తీసి, గింజను రెండు బద్దలు చేసి ఉండడం. నీటికి నలువైపులా దారి దొరుకుతుంది. రాజ్మా గింజకు తొక్క గట్టి కవచం. మొదట నీరు ప్రవేశించేది ఎక్కువగా కాయకు గింజ అతుక్కున్న చోట ఉండే చిన్న మచ్చ దగ్గరి రంధ్రం గుండానే. అందుకే రాత్రంతా నానడం అవసరం. నానిన గింజ ఎండు గింజకు దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది.

గింజలోని కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే జిగురు పెక్టిన్. ఇది మాగిన పండ్ల జామ్‌ను గడ్డకట్టించే పదార్థమే. గింజ ఉడకడమంటే ఈ పెక్టిన్ కరిగి, కణాలు విడివడడమే. కాల్షియం, మెగ్నీషియం ఈ జిగురుకు మేకులు కొట్టినట్లు పనిచేస్తాయి. అందుకే ఆ లవణాలు మెండుగా ఉండే కఠిన జలంలో గింజలు ఎంతకూ ఉడకవు. బావి నీరు వాడే ఊళ్ళలో పప్పు ఉడకదని మన అమ్మమ్మలు చెరువు నీరు తెప్పించుకోవడానికి కారణం ఇదే. అమెరికాలోనూ అనేక ప్రాంతాలలో కుళాయి నీరు కఠిన జలమే. అక్కడ వడపోసి లవణాలు తగ్గించిన నీటిని వాడడం మంచిది.

ఉప్పు విషయంలో పాత నమ్మకాన్ని మార్చుకోవలసి వచ్చింది. ఉప్పు ముందుగా వేస్తే గింజ గట్టిపడుతుందని చాలా వంట పుస్తకాలు వ్రాసేవి. పరీక్షించి చూస్తే జరిగేది దానికి భిన్నం. ఉప్పులోని సోడియం తొక్కలోని కాల్షియం స్థానాన్ని ఆక్రమించి, జిగురు మేకులను ఊడబెరుకుతుంది. లీటరు నీటికి సుమారు 15 గ్రాముల ఉప్పు కలిపి నానబెట్టిన గింజల తొక్క మెత్తగా, పగలకుండా ఉడుకుతుంది. తినే సోడా వేస్తే పెక్టిన్ మరింత త్వరగా కరుగుతుంది. కాని ఆ క్షారం వల్ల థయమిన్ అనే బి1 విటమిన్ నశిస్తుంది, మోతాదు మించితే సబ్బు వాసన వస్తుంది. నీరు మరీ కఠినమైనప్పుడు చిటికెడు తప్ప సోడా వద్దు.

ఎన్ని చేసినా కొన్ని గింజలు ఉడకవు. వేడిగా, తేమగా ఉండే చోట ఏళ్ళ తరబడి నిలవ చేసిన గింజల లోపలి పెక్టిన్ మార్పు చెంది మొండికెత్తుతుంది. గారేజీలో రెండు వేసవులు గడిపిన గింజల సంచిని దాచుకోవడం వల్ల లాభం లేదు.

పులుపు ఎప్పుడు కలపాలి?

మన పప్పుచారు పద్ధతిని ఒకసారి గుర్తుచేసుకోండి. ముందు పప్పు మెత్తగా ఉడకాలి. ఆ తరువాతనే చింతపండు పులుసు, టమాటా ముక్కలు కలుపుతాము. ఈ క్రమం తప్పితే పప్పు "బిరుసెక్కింది" అంటారు పెద్దలు. దానికి రసాయన కారణం ఉన్నది. ఆమ్లంలో పెక్టిన్ సులభంగా కరగదు. పుల్లని నీటిలో గింజ ఎంతసేపైనా తన ఆకారం నిలుపుకుంటుంది. బోస్టన్ నగరపు బేక్డ్ బీన్స్‌లో వేసే మొలాసెస్ అనే చెరకు మడ్డి, తనలోని ఆమ్లంతోను, కాల్షియంతోను, గంటలకొద్దీ ఉడికినా గింజలు చిదికిపోకుండా కాపాడుతుంది. అక్కడ వారికి కావలసినది అదే. మనకు కావలసినది చారులో కరిగే మెత్తదనం గనుక, పులుపు చివరకే రావాలి.

ఎత్తైన ప్రదేశాలలో నివసించేవారు మరొక సంగతి గమనించాలి. సముద్రమట్టం నుండి పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ నగరంలో నీరు 95 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఎంత మంట పెంచినా ఆ నీటి వేడి అంతకు మించదు. కనుక అక్కడి వారికి ప్రెషర్ కుక్కర్ విలాస వస్తువు కాదు, అవసర వస్తువు.

కడుపుబ్బరం

గింజలంటే కొందరు జంకడానికి కారణం వాయుబాధ. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఈ గింజలలో ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్న పేగులో లేదు. అవి అరగకుండా పెద్ద పేగుకు చేరగా, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేన్ తయారుచేస్తాయి. నానబెట్టిన నీటిని పారబోయడం వల్ల ఈ చక్కెరలు కొంత మేరకు తొలగిపోతాయి. ఆ లోపించిన ఎంజైమునే మాత్రలుగా తయారుచేసి మందుల అంగళ్ళలో అమ్ముతున్నారు. వారానికి ఒకసారి అరకప్పుతో మొదలుపెట్టి క్రమంగా పెంచితే చాలామందికి ఆ బాధ దానంతటదే తగ్గుతుంది. ఆ సూక్ష్మజీవులు అదే పనిలో తయారుచేసే కొన్ని ఆమ్లాలు పెద్ద పేగు గోడలకు పోషకాలు కావడం గమనార్హం.

గిన్నెడు చారులో ఏమున్నది?

ఉడికిన రాజ్మా ఒక కప్పులో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు, 11 గ్రాములకు పైగా పీచుపదార్థం ఉంటాయి. కొవ్వు దాదాపు శూన్యం. ఈ మాంసకృత్తులలో లైసిన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగా, మిథియొనిన్ తక్కువగా ఉంటుంది. వరి అన్నంలో ఇది తారుమారు. అన్నంలో చారు పోసుకొని తిన్నప్పుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. మెక్సికో వారి మొక్కజొన్న రొట్టె, బీన్స్ కూటమిలోనూ ఇదే సూత్రం పనిచేస్తున్నది. ఐతే ఏ గింజలోనూ బి12 విటమిన్ లేదు. శుద్ధ శాకాహారులు దానిని పాల నుండి గాని, మాత్రల నుండి గాని పొందవలసిందే.

రాజ్మాలోని ఇనుము మాంసంలోని ఇనుమువలె సులభంగా ఒంటబట్టదు. నిమ్మరసంలోని సి విటమిన్ దానికి తోడ్పడుతుంది. భోజనంతోబాటు త్రాగే టీ అడ్డుపడుతుంది. దించిన తరువాత నిమ్మకాయ పిండుకోవడం, టీని గంటసేపు వాయిదా వేయడం మేలు.

అన్నింటిలోను ముఖ్యంగా చెప్పవలసినది ఫోలేట్ గురించి. ఉడికిన రాజ్మా ఒక కప్పులో సుమారు 230 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటుంది. పెద్దలకు రోజుకు సిఫారసు చేసిన 400 మైక్రోగ్రాములలో ఇది సగానికి పైబడినది. ఫోలేట్ నీటిలో కరిగేది. గింజలను ఉడికించి వార్చినప్పుడు కొంత నీటితో పోతుంది. చారులో ఆ నీరు గిన్నెలోనే ఉంటుంది కనుక నష్టం తక్కువ. గింజను కూరగా కాక చారుగా వండుకోవడంలోని శాస్త్రీయమైన లాభం ఇది.

ఈ విటమిన్ చరిత్రలో తెలుగువారికి సొంతమైన అధ్యాయం ఉన్నది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణులలో కనిపించిన తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో దాగి ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా నిర్మించిన ఘనత న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయానిది. 1945లో ఆ విజయం ప్రకటితమైన నాటికి అక్కడి పరిశోధనలకు నాయకుడు భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. యౌవనంలో ఆయన స్వయంగా స్ప్రూ అనే జీర్ణవ్యాధితో బాధపడినవారు. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే ఔషధమైంది. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడా ఆ పరిశోధనాలయమే తయారుచేసింది. వాటిలో ఒకదానితో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త కేన్సరుతో బాధపడే పసిపిల్లలలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టడం చూసి 1948లో ప్రకటించారు. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

గర్భధారణ తొలివారాలలో ఫోలిక్ ఆమ్లం చాలకపోతే శిశువు వెన్నుపాములో లోపాలు ఏర్పడతాయని తేలడంతో, 1998 నుండి అమెరికాలో గోధుమపిండి వంటి వాటిలో దానిని కలపడం తప్పనిసరి చేశారు. గర్భిణులకు వైద్యులు చెప్పిన మాత్ర తప్పదు. దానికి తోడుగా మాత్రమే ఈ చారును గ్రహించాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు గింజలలోని పొటాషియం దృష్ట్యా తమ వైద్యుని అడిగి తినడం మంచిది.

తయారుచేసే విధానం

ఆరుగురికి సరిపడా ఎర్ర రాజ్మా అర పౌను, అనగా 225 గ్రాములు తీసుకోవాలి. రాళ్ళు, ముడుచుకుపోయిన గింజలు ఏరి, కడిగి, లీటరున్నర నీటిలో నాలుగు చెంచాల ఉప్పు కరిగించి రాత్రంతా, ఎనిమిది నుండి పన్నెండు గంటలు, నానబెట్టాలి. వేసవిలో గిన్నెను ఫ్రిజ్‌లో ఉంచితే పులియదు. ఉదయం ఆ నీటిని పూర్తిగా పారబోసి, గింజలను రెండుసార్లు కడగాలి.

గింజలకు రెండంగుళాలు పైకి వచ్చేట్లు కొత్త నీరు పోసి, పసుపు, బిర్యానీ ఆకు వేసి, పెద్ద మంట మీద పెట్టాలి. నీరు కళపెళ తెర్లడం మొదలైన క్షణం నుండి గడియారం చూసి ముప్పై నిమిషాలు అలాగే మరగనివ్వాలి. నురుగు తీసివేయాలి, నీరు తగ్గితే వేడి నీరే పోయాలి. అటుపిమ్మట మంట తగ్గించి, గింజ రెండు వేళ్ళ మధ్య వెన్నలా నలిగేవరకు, సుమారు మరొక గంట, ఉడికించాలి. ప్రెషర్ కుక్కర్ ఉంటే నానిన గింజలకు పదిహేను నుండి ఇరవై నిమిషాల ఒత్తిడి చాలును.

వేరొక మూకుడులో రెండు చెంచాల నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, నాలుగు వెల్లుల్లి రేకలు, కరివేపాకు, చిటికెడు ఇంగువ పోపు పెట్టి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కారెట్ వేయించాలి. గింజలు మెత్తబడ్డాయని నిర్ధారించుకున్న తరువాతనే రెండు టమాటాల ముక్కలు వేసి మగ్గించి, ఈ పోపునంతా చారులో కలపాలి. రెండు గరిటెల గింజలను గిన్నె అంచున మెదిపి వేస్తే, వాటి పిండి కరిగి చారుకు చిక్కదనం వస్తుంది, వేరే పిండి అక్కరలేదు. గింజలు ఉప్పు నీటిలో నానినవి కనుక రుచి చూసి ఉప్పు, మిరియాల పొడి వేసి, పది నిమిషాలు మరిగించి దించాలి. వడ్డించేటప్పుడు కొత్తిమీర, నిమ్మరసం. అన్నంలోకైనా, రొట్టెలోకైనా, ఉత్తగా గిన్నెలో పోసుకొని త్రాగడానికైనా బాగుంటుంది.

మిగిలినదానిని రాత్రంతా పొయ్యి మీద వదలరాదు. లోతైన గిన్నెలోని చారు చాలాసేపు గోరువెచ్చగా ఉండి సూక్ష్మజీవులకు ఆశ్రయమిస్తుంది. వెడల్పాటి పాత్రలలో పోసి రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. మరునాటికి రుచి పెరుగుతుందే గాని తగ్గదు.

మన పెద్దలు పప్పు నానబెట్టిన నీళ్ళు పారబోయమన్నారు, పులుపు చివర వేయమన్నారు. కారణం అడిగితే "అలాగే చేయాలి" అన్నారు. వారెరిగిన గింజలకు ఆ మాట చాలింది. కాలేజీ వసతిగృహంలో కొత్తగా వంట మొదలుపెట్టే మన పిల్లలకు మాత్రం ఆ మాట చాలదు. ఫోనులో వంట చెప్పేటప్పుడు "అరగంట తెర్లించు" అనడంతో ఆగక, ఎందుకో కూడా చెప్పాలి. కారణం తెలిసిన పిల్లవాడు తొందరలో ఉన్న రోజున కూడా ఆ అరగంటను కుదించడు, లేదా డబ్బా గింజలు తెరుచుకుంటాడు. ఎలా చేసినా భద్రంగా భోంచేస్తాడు.